కంఫీయూఐ వర్క్‌ఫ్లోలు: డైరెక్టరీ నుంచి తెచ్చుకొని నడపడం, మనవి అందులో చేర్చడం

మాటల నుంచి బొమ్మలు చేసే స్టేబుల్ డిఫ్యూజన్ మోడల్ 2022 ఆగస్టులో అందరి చేతికీ వచ్చిన తొలి నెలల్లో, కృత్రిమ మేధతో బొమ్మలు చేసేవారు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నది ఎక్కువగా ప్రాంప్టులనే, అంటే కావలసిన బొమ్మను వర్ణించే మాటలనే. 2023 జనవరిలో కంఫీయూఐ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇచ్చిపుచ్చుకునే సరుకు పెద్దదయింది. మోడల్‌ను ఎక్కించుకోవడం, ప్రాంప్టును చదవడం, బొమ్మను మెట్టు మెట్టుగా రూపొందించే శాంప్లర్‌ను నడపడం, వచ్చిన బొమ్మను పెద్దది చేయడం, ముఖాన్ని సరిదిద్దడం వంటి పనులన్నీ అందులో తీగలతో కలిపిన పెట్టెలుగా తెర మీద కనిపిస్తాయి. ఒక్కో పెట్టెను నోడ్ అనీ, మొత్తం అమరికను వర్క్‌ఫ్లో అనీ అంటారు. ఆ అమరిక జేసన్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో ఇమిడిపోతుంది కాబట్టి దాన్ని పంచుకోవడం తేలిక. పంచుకున్నవాటిని ఒకచోట వరుసగా పేర్చిపెట్టేవే ఈ డైరెక్టరీలు. 2022 నవంబరులో మొదలైన సివిటాయ్ వ్యాపార సంస్థే అయినా అందులోని సరుకు చాలావరకు సభ్యులు పెట్టినదే. కంఫీయూఐ బృందమే, ప్రోగ్రామ్‌ల కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో ఒక ఉదాహరణల సంపుటి ఉంచింది. ఇవి కాక చిన్న చిన్న బృందాలు సొంతంగా నడుపుకునే జాబితాలు చాలా ఉన్నాయి.

ఈ డైరెక్టరీలను వాడబోయేవారు ముందుగా ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. వర్క్‌ఫ్లో ఫైల్‌లో మోడల్ ఉండదు, నోడ్‌లను నడిపే కోడ్ ఉండదు, ఆధారంగా తీసుకున్న ఫొటో కూడా ఉండదు. వాటి పేర్లు మాత్రమే ఉంటాయి. పేర్లు చూసి అసలు వస్తువులను వెతికి తెచ్చుకోవలసింది మనమే. డైరెక్టరీలో కనిపించిన అందమైన బొమ్మ మన కంప్యూటర్‌లో రాకపోవడానికి పదిలో తొమ్మిది సార్లు కారణం ఇదే అని నా అనుభవం.

ఎంచుకునేటప్పుడు చూడవలసినవి

బొమ్మను కాసేపు పక్కన పెట్టి, ముందుగా బేస్ మోడల్, అంటే బొమ్మకు పునాది అయిన మోడల్, ఏదో చూడండి. స్టేబుల్ డిఫ్యూజన్ 1.5కు 512×512 కొలత సహజం. 2023 జూలైలో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ 1.0కు 1024×1024 సహజం. 2024 ఆగస్టులో వచ్చిన ఫ్లక్స్ 1 నిర్మాణం వేరు, ఆకలి కూడా వేరు. ఎస్‌డీఎక్స్‌ఎల్ బేస్ ఫైల్ సుమారు 7 జీబీ ఉంటుంది. 1200 కోట్ల పారామీటర్లు (మోడల్ నేర్చుకున్న అంకెలు) ఉన్న ఫ్లక్స్ డెవ్ పూర్తి రూపంలో సుమారు 24 జీబీ ఉంటుంది. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారు ఈ లెక్క చూసుకోకుండా దిగుమతికి కూర్చుంటే ఒక పూట, కొంత డేటా వృథా కావడం ఖాయం. పరిమాణం తగ్గించిన రూపాలు దొరుకుతాయి గానీ, వర్క్‌ఫ్లోలోని లోడర్ నోడ్ దానికి తగ్గట్టు మార్చుకోవలసి రావచ్చు.

బేస్ మోడల్‌కూ దాని మీద వాడే చిన్న ఫైళ్లకూ పొత్తు కుదరాలి. 1.5 కోసం తయారైన లోరాను (మోడల్‌కు కొత్త శైలినో ముఖాన్నో నేర్పే చిన్న ఫైల్‌ను) ఎస్‌డీఎక్స్‌ఎల్‌కు తగిలిస్తే కంఫీయూఐ ఆగిపోదు. నల్లటి టెర్మినల్ కిటికీలో కీలు (లోరాలోని భాగాలు) ఎక్కలేదని హెచ్చరికలు చేంతాడంత రాసి, లోరా లేనట్టుగానే బొమ్మ ఇచ్చేస్తుంది. ఆ కిటికీ వైపు చూసే అలవాటు లేనివారు లోరా బాగాలేదని పొరబడతారు. బొమ్మలో భంగిమనో గీతలనో అదుపు చేసే కంట్రోల్‌నెట్ ఫైళ్ల విషయంలో అలా కాదు, మ్యాట్రిక్సుల కొలతలు కలవడం లేదనే ఎర్రర్‌తో పని అక్కడికక్కడే నిలిచిపోతుంది. నిజానికి ఇదే నయం, తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

తరువాత, వర్క్‌ఫ్లోలో కంఫీయూఐతో పాటు వచ్చే సొంత నోడ్‌లు ఎన్ని, బయటివారు రాసిన కస్టమ్ నోడ్‌లు ఎన్ని అన్నది చూడాలి. కొండపల్లి బొమ్మల తరహాలో చెక్క బొమ్మలను చేసే ఒక వర్క్‌ఫ్లోను నేనొకసారి తెచ్చుకున్నాను. తెరవగానే తొమ్మిది నోడ్‌లు ఎర్రగా వెలిగాయి. అవి నాలుగు ప్యాకేజీలకు చెందినవి. మూడు ప్యాకేజీలు వేసుకున్నాక, నాలుగోదాన్ని ఎందుకు వాడారా అని తీగ పట్టుకొని వెళ్లి చూస్తే, వెడల్పును రెండుతో గుణించడానికట! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. ఆ నోడ్ తీసేసి 2048 అని చేత్తో రాస్తే సరిపోయింది. ఇలాంటి అనుభవాల తర్వాత, రెండు వర్క్‌ఫ్లోలు ఒకే పని చేస్తుంటే కస్టమ్ నోడ్‌లు తక్కువ ఉన్నదాన్నే ఎంచుకోవడం నాకు నియమమైపోయింది, బొమ్మ కాస్త తక్కువ మెరిసినా సరే.

చివరగా, ఎప్పుడు పెట్టారు, చివరిసారి ఎప్పుడు సరిదిద్దారు అన్న తేదీలు చూడండి. ఈ రంగంలో లింకులు త్వరగా చస్తాయి. 2024 ఆగస్టు చివర్లో రన్‌వే సంస్థ, మోడళ్లు పంచుకునే హగ్గింగ్ ఫేస్ సైటు నుంచి తన స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 పుటను తీసివేసినప్పుడు, దానికి లింకు ఇచ్చిన పాత పాఠాలూ స్క్రిప్టులూ ఒక్కసారిగా మొండివైపోయాయి. నకళ్లు వేరే చోట్ల దొరికాయి గానీ, ఫైల్ పేరు తప్ప మరేమీ రాయని వర్క్‌ఫ్లోల వాళ్లకు ఏ నకలు అసలైనదో తేల్చుకోవడం కష్టమైంది.

నడిపే ముందు

డైరెక్టరీలో వర్క్‌ఫ్లో రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి జేసన్ ఫైల్. రెండోది కంఫీయూఐ దాచిన పీఎన్‌జీ బొమ్మ. ఆ బొమ్మ ఫైల్ లోపలే మొత్తం వర్క్‌ఫ్లో అక్షరాల రూపంలో దాగి ఉంటుంది. దాన్ని పట్టి కంఫీయూఐ తెర మీదకు లాగి వదిలితే నోడ్‌లన్నీ పరుచుకుంటాయి. మొదటిసారి చూసినవారికి ఇది గారడీలా అనిపిస్తుంది. అయితే అదే బొమ్మ వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినదైతే ఏమీ జరగదు; వాట్సాప్ దాన్ని కుదించి జేపీజీగా మార్చేటప్పుడు ఆ దాచిన అక్షరాలన్నీ పోతాయి. మిత్రుల నుంచి తెప్పించుకునేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపమని చెప్పాలి.

వర్క్‌ఫ్లో తెరుచుకొని నోడ్‌లు ఎర్రబడినప్పుడు, మన దగ్గర లేని నోడ్‌లను వెతికి వేసే సదుపాయం కంఫీయూఐ మేనేజర్ అనే పనిముట్టులో ఉంది. అది ఎంత హాయిగా ఉంటుందో అంత జాగ్రత్తగానూ వాడాలి. ఎందుకంటే కస్టమ్ నోడ్ అంటే పైథాన్ ప్రోగ్రామ్. దాన్ని వేసుకోవడమంటే ముక్కూ ముఖం తెలియని మనిషి రాసిన ప్రోగ్రామ్‌కు మన కంప్యూటర్‌లో మనకున్న అనుమతులన్నీ ఇచ్చినట్టే. ఇది ఉత్త భయం కాదు. 2024 జూన్‌లో ఎల్‌ఎల్‌ఎమ్‌విజన్ అనే కస్టమ్ నోడ్, పేరున్న లైబ్రరీల (ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే తయారు కోడ్) పేర్లు పెట్టుకున్న నకిలీ ప్యాకేజీల ద్వారా, వాడుకరుల బ్రౌజర్లలోని పాస్‌వర్డులనూ కార్డు వివరాలనూ దొంగిలించి డిస్కార్డ్ అనే చాట్ సేవ ద్వారా బయటికి పంపినట్టు బయటపడింది. అదే ఏడాది డిసెంబరులో అల్ట్రాలిటిక్స్ అనే లైబ్రరీ 8.3.41, 8.3.42 సంచికల్లోకి (వెర్షన్లలోకి) ఎవరో క్రిప్టో నాణేల తవ్వకం ప్రోగ్రామ్ చొప్పించారు. ముఖాలను సరిదిద్దడానికి ఎంతోమంది వాడే ఒక నోడ్ ప్యాకేజీకి ఆ లైబ్రరీ కావాలి గనుక, తమ తప్పేమీ లేకుండానే కొందరు కంఫీయూఐ వాడుకరులు దాని బారిన పడ్డారు. మొదటిది దొంగ ప్యాకేజీ, రెండోది మంచి లైబ్రరీలోకి దొంగ దూరడం; రెండింటికీ కావలసిన జాగ్రత్త ఒక్కటి కాదు.

మొదటి రకానికి, ప్యాకేజీ గిట్‌హబ్ పుటను తెరిచి, ఎన్నాళ్లుగా ఉంది, ఎవరు నడుపుతున్నారు, కావలసిన లైబ్రరీలను రాసే రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో లైబ్రరీల పేర్లకు బదులు ఏదైనా తెలియని చిరునామా నుంచి నేరుగా దించుకునే వరుసలు ఉన్నాయా అని చూడాలి. ఎల్‌ఎల్‌ఎమ్‌విజన్ వ్యవహారంలో దొంగసరుకు ఆ ఫైల్ దారినే వచ్చింది. రెండో రకానికి, కొత్త సంచిక వచ్చిన రోజే అప్‌డేట్ చేయకుండా కొన్నాళ్లు ఆగడం మేలు. ఏది వేసుకునే ముందైనా మేనేజర్‌లో స్నాప్‌షాట్ తీసి ఉంచుకుంటే, చెడినప్పుడు పాత నోడ్‌ల సంచికలకు తిరిగి వెళ్లవచ్చు. అసలు తెలియని వర్క్‌ఫ్లోలను పరీక్షించడానికి వేరే ఫోల్డర్‌లో రెండో కంఫీయూఐ పెట్టుకొని, మోడళ్ల ఫోల్డర్‌ను మాత్రం రెండింటికీ ఉమ్మడిగా చూపిస్తే స్థలం వృథా కాదు. అయితే విండోస్ పోర్టబుల్ రూపంలో పైథాన్ వేరుగా ఉంటుంది కదా, అది గోడ కట్టినట్టే కదా అని కొందరు అనుకుంటారు. కాదు. లైబ్రరీలు ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా అది కాపాడుతుంది గానీ, దొంగ ప్రోగ్రామ్ మీ బ్రౌజర్ ఫైళ్లను చదవకుండా ఆపలేదు. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో ఊరూపేరూ లేని నోడ్‌లు వేయకపోవడమే క్షేమం.

మోడల్ ఫైళ్లలో సేఫ్‌టెన్సర్స్ రూపంలో ఉన్నవాటినే తీసుకోండి. సీకేపీటీ, పీటీ వంటి పాత రూపాలు పైథాన్ పికిల్ పద్ధతిలో ఉంటాయి. వాటిని తెరవడంలోనే కోడ్ నడిచే వీలుంది.

ఇవన్నీ అయ్యాక, దేన్నీ ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి నడపండి. డైరెక్టరీలోని బొమ్మ, మీకు వచ్చిన బొమ్మ పక్కపక్కన పెట్టుకుంటే చాలా విషయాలు తెలుస్తాయి. కంఫీయూఐ తొలి నాయిస్‌ను, అంటే బొమ్మ మొదలయ్యే చుక్కల గందరగోళాన్ని, సీపీయూ మీదే తయారు చేస్తుంది కాబట్టి, గ్రాఫిక్స్ కార్డు వేరైనా అదే మోడల్, అదే సీడ్ (ఆ నాయిస్‌ను నిర్ణయించే అంకె), మిగతా అవే అంకెలు ఉంటే దాదాపు అదే బొమ్మ రావాలి. వచ్చింది పూర్తిగా వేరే దృశ్యమైతే, సీడ్ గానీ మోడల్ గానీ తేడా అన్నమాట. దృశ్యం అదే ఉండి రంగులు వెలిసిపోయినట్టుంటే మోడల్ లెక్కను రంగుల బొమ్మగా మార్చే వీఏఈ అనే భాగాన్ని అనుమానించండి. ఒక్కటి మాత్రం మరవకూడదు: ఆటోమ్యాటిక్1111 అనే మరో సాఫ్ట్‌వేర్‌లో చేసిన బొమ్మ సీడ్‌ను తెచ్చి కంఫీయూఐలో పెడితే అదే బొమ్మ రాదు, ఎందుకంటే అక్కడ నాయిస్ మామూలుగా గ్రాఫిక్స్ కార్డు మీద పుడుతుంది, ప్రాంప్టులోని మాటలకు బరువు వేసే లెక్క కూడా వేరు.

మీ వర్క్‌ఫ్లోను చేర్చేటప్పుడు

ఇక్కడే ఎక్కువమంది తప్పులు చేస్తారు, నేనూ చేశాను. అన్నిటికంటే సూక్ష్మమైనది సీడ్ తప్పు. కేశాంప్లర్ నోడ్‌లో సీడ్ కింద, బొమ్మ చేశాక ఆ అంకెను ఏం చేయాలో చెప్పే గడి ఉంటుంది. అది మొదట్లో యాదృచ్ఛికంగా మార్చే స్థితిలో ఉంటుంది. అంటే మీరు బొమ్మను వరుసలో పెట్టగానే సీడ్ మారిపోతుంది. తెర మీద కనిపించే అంకె ఇప్పుడు వచ్చిన బొమ్మది కాదు, రాబోయే బొమ్మది. ఆ స్థితిలో జేసన్‌గా ఎగుమతి చేసి, పక్కన పాత బొమ్మ పెడితే, ఎవరు నడిపినా ఆ బొమ్మ రాదు, మీరు అబద్ధం చెప్పారనుకుంటారు. కాబట్టి ముందుగా ఆ గడిని స్థిరంగా ఉండేలా మార్చి, మళ్లీ ఒకసారి నడిపి, ఆ తరువాతే ఎగుమతి చేయాలి. లేదా దాచిన పీఎన్‌జీనే తెర మీదకు లాగి, అందులోంచి తెరుచుకున్న అమరికనే ఎగుమతి చేయవచ్చు. పీఎన్‌జీలో ఉండేది ఆ బొమ్మను నిజంగా చేసిన సీడే.

ఎగుమతిలోనూ రెండు రకాలు ఉన్నాయి. ఏపీఐ రూపంలో ఎగుమతి చేస్తే నోడ్‌ల పేర్లూ విలువలూ వాటిని కలిపే తీగలూ మాత్రమే మిగులుతాయి. పెట్టెలు తెర మీద ఎక్కడున్నాయి, ఏ గుంపుకు ఏ రంగు వేశారు, పక్కన ఏ నోట్ రాశారు అన్నవి పోతాయి. ప్రోగ్రామ్ రాసుకునేవారికి అది కావాలి గానీ, మనుషుల కోసం పెట్టే డైరెక్టరీలో మామూలు రూపమే పెట్టాలి.

ఫైల్ సిద్ధమయ్యాక దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒకసారి చదవండి. వింత సలహాలా కనిపించినా, ఇది చాలా అవసరం. ఆధారపు ఫొటో వర్క్‌ఫ్లోలో ఉండదు గానీ దాని ఫైల్ పేరు ఉంటుంది. నేను మొదటిసారి చేర్చిన వర్క్‌ఫ్లోలో మా మేనకోడలి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు అలాగే వెళ్లిపోయింది, ఫొటో దించుకున్నప్పుడు ఆ అమ్మాయి పెట్టిన పేరే అది. కొన్ని కస్టమ్ నోడ్‌లు ఫోల్డర్ల పూర్తి దారిని రాసుకుంటాయి, అందులో విండోస్ వాడుకరి పేరు కనిపిస్తుంది. బయటి సేవలను పిలిచే నోడ్‌లలో రహస్య కీని గడిలోనే అతికించి ఉంటే అది కూడా ఫైల్‌తో పాటే పోతుంది. బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది: పని ఇచ్చినవారికి పీఎన్‌జీ పంపితే మీ పద్ధతంతా వారి చేతికి వెళ్లినట్టే. వద్దనుకుంటే మెటాడేటా (బొమ్మలో దాగే ఆ అక్షరాలు) రాయకుండా కంఫీయూఐని మొదలుపెట్టే ఆప్షన్ ఉంది.

వివరణలో మోడల్ పేరు ఒక్కటే రాస్తే చాలదు. సంచిక, దించుకున్న చోటు, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంకేతం) రాయాలి. ఫైల్‌లో ఒక్క బైటు మారినా హ్యాష్ మారిపోతుంది గనుక, లింకు చచ్చినా నకలు అసలైనదో కాదో అందరూ తేల్చుకోగలుగుతారు. సివిటాయ్ మోడల్ పుటలో హ్యాష్‌లు కనిపిస్తాయి. మీ దగ్గరున్న ఫైల్‌కు విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశంతో లెక్క కట్టవచ్చు. కస్టమ్ నోడ్‌లకైతే ప్యాకేజీ పేరు, గిట్‌హబ్ చిరునామా, మీరు వాడిన సంచిక రాయండి. ఇటీవలి కంఫీయూఐ ఈ వివరాలను కొంతవరకు జేసన్‌లోనే నోడ్ పక్కన రాస్తుంది గానీ, చదివేవారు జేసన్ తెరిచి వెతుక్కోవాలని ఆశించకూడదు. మీ గ్రాఫిక్స్ కార్డు, దాని మెమరీ, ఒక బొమ్మకు పట్టిన సమయం కూడా రాస్తే, ఎదుటివారు తమ కంప్యూటర్ తట్టుకుంటుందా అని ముందే అంచనా వేసుకుంటారు.

లైసెన్సు గురించి రెండు మాటలు. ఫ్లక్స్ 1 ష్నెల్, వ్యాపారానికీ వీలిచ్చే అపాచీ 2.0 లైసెన్సు కింద వచ్చింది. అదే కుటుంబంలోని డెవ్ వాణిజ్యేతర లైసెన్సు కింద వచ్చింది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే దుకాణం వాళ్లు మీ వర్క్‌ఫ్లో తీసుకుంటారనుకుంటే ఈ తేడా వారికి ముఖ్యం. మోడల్ లైసెన్సు పేరు ఒక వరుసలో, మీ వర్క్‌ఫ్లోను మార్చుకోవడానికీ తిరిగి పంచడానికీ మీరిచ్చే అనుమతి మరో వరుసలో రాసేయండి. నిజమైన మనుషుల ముఖాలను పోలిన లోరాలు అవసరమయ్యే వర్క్‌ఫ్లోలను చేర్చవద్దు. అలాంటి మోడళ్లను సివిటాయ్ 2025 మేలో నిషేధించింది; నిషేధం లేని చోట కూడా అడగకుండా ఒకరి ముఖాన్ని వాడటం తప్పే.

తెలుగువారి కోసం చేర్చేవారికి మరో రెండు సంగతులు. స్టేబుల్ డిఫ్యూజన్ పాత మోడళ్లు ప్రాంప్టును చదవడానికి వాడే క్లిప్ అనే భాగం చాలావరకు ఇంగ్లిష్ మీద నేర్చుకున్నది. తెలుగులో రాస్తే అర్థం చేసుకోకపోవడం ఒక ఇబ్బంది అయితే, తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి 3 బైట్లు పడుతుండటంతో దానికున్న 77 టోకెన్ల (మాటలను విడగొట్టిన తునకల) హద్దు కొద్ది మాటలకే నిండిపోవడం మరో ఇబ్బంది. కనుక ప్రాంప్టు ఇంగ్లిష్‌లోనే ఉంచి, నోట్ నోడ్‌లో తెలుగులో వివరించండి: ఏ మాట మారిస్తే చీర అంచు మారుతుంది, ఏ మాట తీసేస్తే నేపథ్యం ఖాళీ అవుతుంది అని. అలాగే ఎస్‌డీఎక్స్‌ఎల్ వంటి మోడళ్లు తెలుగు అక్షరాలను గీయలేవు, జిలేబీల్లాంటి చుట్టలు గీస్తాయి. అక్షరాలు రావలసిన చోట ఖాళీ వదిలి, వాటిని తరువాత వేరే సాఫ్ట్‌వేర్‌లో చేర్చమని ముందే చెప్పేస్తే, వర్క్‌ఫ్లో చెడిపోయిందేమోనని ఎవరూ కంగారు పడరు.

పైవన్నీ చేశాక, పంపే ముందు మీ వర్క్‌ఫ్లోను మీరే కొత్తవారిలా పరీక్షించండి. ఖాళీ ఫోల్డర్‌లో కొత్త కంఫీయూఐ పెట్టి, మీరు రాసిన వివరణ ఒక్కటే చూస్తూ మొదటి నుంచి చేసుకు రండి. నేను రాసిన దాంట్లో ఏదో ఒకటి తప్పిపోకుండా ఈ పరీక్ష గట్టెక్కింది ఇంతవరకు ఒక్కటే.

డైరెక్టరీని మీరే నడుపుతుంటే

పదిమంది మిత్రులు కలిసి గిట్‌హబ్‌లో చిన్న డైరెక్టరీ పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు. ఒక్కో వర్క్‌ఫ్లోకు ఒక ఫోల్డర్, అందులో జేసన్, దాన్ని చేసిన పీఎన్‌జీ, పైన చెప్పిన వివరాలు నింపిన పుట ఉంటే చాలు. మోడళ్లను మాత్రం అందులో పెట్టకండి. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను మామూలుగా తీసుకోదు, పైగా పంచే హక్కు మీకు ఉండకపోవచ్చు. చేర్చినవారు కాక మరొకరు నడిపి చూసిన తరువాతే ప్రధాన జాబితాలోకి ఎక్కించే పద్ధతి పెట్టుకోండి. నడిపినవారు తేదీ, కంఫీయూఐ సంచిక, తమ కార్డు రాసి, తమకు వచ్చిన బొమ్మను అసలు బొమ్మ పక్కన పెడితే, ఆ రెండు బొమ్మలను చూసి తీసుకునేవారు నిర్ణయించుకుంటారు.

కొన్ని నెలలకొకసారి లింకులు తిరగేసి, నడవనివాటిని పాతవి అనే ఫోల్డర్‌లోకి మార్చండి. చెరిపేయవద్దు. ఏ సంచిక దాకా నడిచిందో ఒక్క వరుస రాసి ఉంచితే, పాత మోడళ్లు ఇంకా దాచుకున్నవారు ఆ సంచికను వేసుకొని అదే బొమ్మను మళ్లీ చేసుకోగలుగుతారు.